జనాన్ని అడిగితే తత్వశాస్త్రం తేలుతుందా: సర్వే ప్రయోగం ఎక్కడ పనికొస్తుంది, ఎలా చెయ్యాలి

మీరు అడిగింది ఇది: హైదరాబాద్‌లో లా పీహెచ్‌డీ మొదలుపెట్టారు. అబద్ధం నమ్మి ఇచ్చిన సమ్మతి సమ్మతేనా అన్నది మీ అంశం. మామూలు జనం దీన్ని ఎలా చూస్తారో సర్వే ప్రయోగంతో, అంటే ఒకే కథను ఒక్కచోట మార్చి, లాటరీ వేసి వేర్వేరు గుంపులకిచ్చి జవాబులు పోల్చే పద్ధతితో, పరీక్షించాలనుకుంటున్నారు. మీ గైడ్ గారేమో ‘తత్వశాస్త్రంలో ప్రశ్నలు ఓట్లతో తేలవు’ అన్నారు. గూగుల్ ఫారం చేసి తెలిసినవాళ్లు రెండు వందల మందికి వాట్సాప్‌లో పంపితే సరిపోతుందా అన్నది చివరి ప్రశ్న. నేనూ లా చదివి ఈ సర్వేల పనిలోకి వచ్చినవాణ్నే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

గైడ్ గారి మాట నిజం. నూటికి ఎనభై మంది న్యాయం అన్నంత మాత్రాన అది న్యాయం అయిపోదు. అయితే తత్వవేత్తలూ జడ్జీలూ రాసేటప్పుడు మధ్యలో ఒక రకం వాక్యం చల్లగా దూర్చేస్తుంటారు: ‘ఇది ఎవరైనా ఒప్పుకునేదే’, ‘మామూలు మనిషి దృష్టిలో’, ‘దీన్ని మనం సమ్మతి అనం కదా’. ఆ మనం ఎవరు? ఏది న్యాయమో ఆ వాక్యం చెప్పడం లేదు. మనుషులు ఎలా ఆలోచిస్తారో చెబుతోంది. అది నిజమో కాదో లైబ్రరీలో కూర్చుని తేల్చలేం. సర్వే ప్రయోగం పని మొత్తం ఆ ఒక్క వాక్యం మీదే. అందుకని ముందు మీరు చదువుతున్న పేపర్లలో అలాంటి వాక్యం ఎక్కడుందో పట్టుకోండి. దాన్ని తీసేస్తే రచయిత వాదన కుంటుపడుతుందా లేదా చూడండి. కుంటుపడకపోతే ప్రయోగం చేసి లాభం లేదు, తీర్పులూ చట్టాలూ చదివి మామూలు థీసిస్ రాసుకోండి. అది తక్కువ పనేమీ కాదు.

చట్టమే జనం వైపు చూడమనే సందర్భాలూ ఉన్నాయి. 2014లో అవీక్ సర్కార్ కేసులో సుప్రీంకోర్టు అశ్లీలతకు పాత హిక్లిన్ పరీక్షను (చెడుకు లొంగే మనసులను పాడుచేస్తుందా అని చూసేది) పక్కనపెట్టి, నేటి సమాజ ప్రమాణాలను కొలబద్దగా తీసుకుంది. సమాజ ప్రమాణం ఏమిటో జడ్జి ఊహించుకోవాలా, కనుక్కోవాలా? అక్కడ సర్వేకు నేరుగా చోటుంది. దీనికి పూర్తిగా అటువైపు, స్వలింగ సంబంధాలు నేరం కాదన్న 2018 నాటి నవతేజ్ సింగ్ జోహార్ తీర్పు. జనం నైతికత కాదు, రాజ్యాంగ నైతికతే ముఖ్యమని అందులో చెప్పారు. రాజ్యాంగ నైతికత మనుషులకు సహజంగా వచ్చేది కాదని, అలవరచుకోవాల్సిందని అంబేద్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలోనే అన్నారు. అలాంటి చోట ‘70 శాతం మందికి ఇష్టం లేదు’ అని పట్టిక తెచ్చి పెడితే అది వాదనే కాదు. మీ అంశం ఈ రెండింటికీ మధ్యలో ఉంది. సమ్మతి అనే మాటను చట్టం వాడుకభాష నుంచే తీసుకుంది, తర్వాత తనకు కావాల్సినట్టు చెక్కుకుంది. ఎంత చెక్కిందో కొలవొచ్చు.

కొలిచినవాళ్లు ఎలా కొలిచారో రెండు మూడు ఉదాహరణలు చూడండి. 2003లో జాషువా నోబ్ అనే తత్వవేత్త మన్‌హాటన్‌లోని ఒక పార్కులో మనుషులకు చిన్న కథ వినిపించాడు. కంపెనీ చైర్మన్ లాభం కోసం ఒక కార్యక్రమం మొదలుపెడతాడు. దానివల్ల పర్యావరణం దెబ్బతింటుందని తెలుసు, తనకు పట్టదు. అతను కావాలనే పర్యావరణాన్ని పాడుచేశాడా అంటే 82 శాతం మంది అవునన్నారు. ఇంకో గుంపుకు అదే కథలో ‘దెబ్బతింటుంది’ బదులు ‘బాగుపడుతుంది’ అని పెట్టాడు. కావాలనే బాగుచేశాడని అన్నది 23 శాతం మందే. మారింది ఒక్క మాట. ముందు ఉద్దేశం తేల్చుకుని ఆ తర్వాత తప్పొప్పులు నిర్ణయిస్తామని క్రిమినల్ లా పుస్తకాలు అనుకునే వరుస మన బుర్రలో ఒక్కోసారి తిరగబడి ఉంటుందని దాంతో అనుమానం మొదలైంది.

పార్కులో వాహనాలు నిషిద్ధం అన్న ఉదాహరణ మీకు తెలిసే ఉంటుంది, 1958లో న్యాయతత్వవేత్తలు హార్ట్, ఫుల్లర్ వాదించుకున్నది. స్మారకంగా దిమ్మె మీద నిలబెట్టిన యుద్ధకాలపు ట్రక్కు వాహనమేనా అని ఫుల్లర్ ఎదురు అడిగాడు. స్ట్రుకినర్, హన్నికైనెన్, అల్మేదా 2020లో దీన్ని ప్రయోగంగా మార్చారు. రూల్ మాటను, అంటే రాసి ఉన్న అక్షరాన్ని, తప్పినవి, తప్పనివి. రూల్ ఉద్దేశాన్ని తప్పినవి, తప్పనివి. రెండు రెళ్లు నాలుగు గళ్లు. జనం తీర్పులో రెండింటికీ బరువుందని, మొత్తమ్మీద మాటకే ఎక్కువ బరువుందని తేలింది. వెంటనే జవాబు చెప్పమంటే నైతిక ఉద్దేశం వైపు జరిగారు, ఆలోచించి చెప్పమంటే మాట వైపు జరిగారు. నాకు ఈ పేపర్‌లో నచ్చేది ఫలితం కంటే ఆ నాలుగు గళ్లే. యాభై ఏళ్లకు పైగా కలగలిపి వాదించుకున్న రెండు సంగతులను విడదీశారు. మీరు నేర్చుకోవాల్సింది ఆ విడదీయడం.

మీ గైడ్ గారికి న్యాయం మీద రాసిన తత్వవేత్త రాల్స్ ఇష్టమైతే 1992లో వచ్చిన ఫ్రోలిక్, ఓపెన్‌హైమర్ల పుస్తకం చూపించండి. అది సర్వే కాదు, ల్యాబ్‌లో నిజం డబ్బుతో చేసింది. రేపు తమ వాటా ఎంతో తెలియని స్థితిలో గుంపుగా కూర్చుని పంపకం సూత్రం ఎంచుకోమన్నారు. చాలా గుంపులు సగటు ఆదాయం పెంచుదాం, కానీ కింద ఒక కనీస హద్దు ఉండాలి అన్నాయి. అట్టడుగున ఉన్నవాడికే అన్నింటికన్నా ఎక్కువ చూడాలన్న రాల్స్ సూత్రాన్ని దాదాపు ఎవరూ ఎంచుకోలేదు. దీంతో రాల్స్ ఓడిపోయాడా? లేదు. మనుషులు ఏది ఎంచుకుంటారని కాదు, ఏది ఎంచుకోవడం సబబని ఆయన వాదన. కానీ ఆ సూత్రం మనం బాగా ఆలోచించి నిలుపుకున్న నమ్మకాలకు సరిపోతుందని కూడా ఆయన అంటాడు కాబట్టి, ఆ రెండో సగానికి కొంచెం సెగ తగులుతుంది. ఏ సగానికి తగిలిందో చెప్పగలిగితే గైడ్ గారితో మీ పని సగం అయినట్టే.

ఇక మీ అంశం. 2020లో రోజానా సోమర్స్ యేల్ లా జర్నల్‌లో రాసిన పేపర్ మీకు మొదటి మెట్టు. సమ్మతికి విలువ మన స్వేచ్ఛ వల్ల వచ్చింది, అబద్ధం ఆ స్వేచ్ఛను దెబ్బతీస్తుంది, కాబట్టి అబద్ధంతో తీసుకున్న సమ్మతి చెల్లదు అన్నది చాలామంది సిద్ధాంతకర్తల మాట. ఆమె కథలు చదివిన అమెరికన్లు అలా అనలేదు. నిజం తెలిస్తే ఒప్పుకునేవాళ్లు కాదని కథలో స్పష్టంగా ఉన్నా, మోసపోయినవాళ్లు సమ్మతించినట్టే అన్నారు. అబద్ధం అసలు చేస్తున్న పని ఏమిటి అన్నదాని మీదే అయితే మాత్రం సమ్మతి లేదన్నారు.

మన చట్టంలో ఇది ఇంకా రంజుగా ఉంటుంది. పాత ఐపీసీ 90వ సెక్షన్, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 28వ సెక్షన్, వాస్తవం విషయంలో పొరపాటు నమ్మకంతో ఇచ్చిన సమ్మతిని, ఎదుటివాడికి ఆ సంగతి తెలిసుంటే, సమ్మతిగా లెక్కపెట్టవు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం దారి వేరు. 13వ సెక్షన్‌లో సమ్మతి అంటే ఏమిటో, 14లో స్వేచ్ఛాయుతమైన సమ్మతి అంటే ఏమిటో విడివిడిగా చెప్పి, మోసం ఉంటే మోసపోయినవాళ్లు కోరితే ఒప్పందం రద్దు చేసుకోవచ్చని 19లో అంటుంది. అంటే సమ్మతి ఉంది, దానికి దోషముంది. 1968లో నింగవ్వ కేసులో సుప్రీంకోర్టు ఇంకో గీత గీసింది. పత్రం ఏ రకందో దాని మీదే మోసం జరిగితే అది మొదటి నుంచీ చెల్లదు. పత్రంలోని విషయాల మీద మోసం జరిగితే కోరుకున్నప్పుడు రద్దవుతుంది. ఒకే అబద్ధానికి రెండు చట్టాలు రెండు భాషల్లో మాట్లాడుతున్నాయి. వీటిలో ఏది మన జనం ఆలోచనకు దగ్గర? ఇది ఇక్కడే అడగాల్సిన ప్రశ్న, అమెరికా పేపర్ నుంచి అరువు తెచ్చుకోనక్కర్లేదు.

కథ ఎలా ఉండాలో చెబుతాను. అరవై ఏళ్ల ఆవిడకు ఊళ్లో అర ఎకరం పొలం ఉంది. వ్యాపారి చేతిలో కాగితం మీద సంతకం పెట్టి 20 లక్షలు తీసుకుంటుంది. ఒక గుంపుకు చెప్పే కథలో, రీజినల్ రింగ్ రోడ్డులో తన పొలం పోతుందని ఊళ్లో పుకారు విని ఆవిడే భయపడి అమ్ముతుంది, వ్యాపారికి ఆ పుకారు సంగతే తెలియదు. రెండో గుంపుకు, ఆ అబద్ధం వ్యాపారే చెబుతాడు. మూడో గుంపుకు, ఇది అప్పు కింద తాకట్టు కాగితం అని చెప్పి సేల్ డీడ్ మీద సంతకం పెట్టించుకుంటాడు. మూడింట్లోనూ చేతికొచ్చిన డబ్బు అంతే, నష్టం అంతే, ‘అసలు సంగతి తెలిసుంటే సంతకం పెట్టేది కాదు’ అన్న వాక్యం అంతే. మొదటి కథ లేకపోతే జనం అబద్ధానికి స్పందిస్తున్నారా, ముసలావిడ నష్టపోయిందన్న జాలికి స్పందిస్తున్నారా మీరు చెప్పలేరు. చాలామంది విద్యార్థులు నిజాయితీ కథ, మోసం కథ అని రెండే పెట్టి, నిజాయితీ కథలో ఆవిడను లాభపడేలా రాస్తారు. అక్కడితో ప్రయోగం పోయినట్టే.

చిన్న వివరాలు కూడా సరిగ్గా ఉండాలి. తెలంగాణలో వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్ తహసీల్దార్ ఆఫీసులో అవుతుంది. కథలో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు అని రాస్తే, పొలం ఉన్నవాళ్లు అక్కడే ఆగిపోయి ‘ఇది ఉత్తుత్తి కథ’ అనుకుంటారు. పేర్లు ఇంకా పెద్ద చిక్కు. మన దగ్గర పేరు చెబితే కులం, మతం, ప్రాంతం మూడూ తెలిసిపోతాయి. ఆవిడకో పేరు, వ్యాపారికి చివర రెడ్డి అనో రావు అనో తగిలిస్తే మీకు తెలియకుండానే ఇంకో ప్రయోగం చేసినట్టు. ‘ఒకావిడ’, ‘వ్యాపారి’ చాలు.

ప్రశ్నలు అడిగేచోట చాలామంది తొందరపడతారు. ‘ఆవిడ సమ్మతించిందా’ అని ఒక్కటే అడిగితే, వ్యాపారి మీద కోపమంతా ఆ జవాబులోనే కక్కేస్తారు. లేదంటే ‘పాపం, ఎక్కడ సమ్మతించింది’ అంటారు, అది సమ్మతి గురించి చెప్పిన మాట కాదు. కోపానికి వేరే చోటివ్వండి. ఆవిడ ఒప్పుకునే పొలం అమ్మిందా అన్నది ఒకటి, ఆవిడ కోరితే అమ్మకం రద్దు చెయ్యాలా అన్నది ఒకటి, వ్యాపారి చేసింది ఎంత తప్పు అన్నది ఒకటి, అతనికి శిక్ష పడాలా అన్నది ఇంకొకటి. సగం మందికి ‘ఎంత తప్పు’ అన్న ప్రశ్న ముందు, సగం మందికి చివర. ముందు తప్పు గురించి చెప్పేసినవాళ్లు సమ్మతి జవాబు మార్చుకుంటున్నారంటే, మీరు కొలిచేది సమ్మతి భావన కాదేమోనని అనుమానించాలి. ‘ఎంత తప్పు’ అన్నదానికి వచ్చిన జవాబును రిగ్రెషన్ అనే గణాంక లెక్కలో పెట్టి ‘దాని ప్రభావం తీసేశాను’ అని మాత్రం రాయకండి. అది కథ విన్న తర్వాత పుట్టిన జవాబు. కథ వల్లే మారినదాన్ని కంట్రోల్ చేస్తే గుంపుల పోలిక చెడిపోతుంది.

ఒక్క మనిషిని ప్రశ్న అడగకముందే ఏ జవాబు వస్తే ఏమంటారో రాసిపెట్టుకోండి. రెండో కథలో ‘ఒప్పుకునే అమ్మింది, కానీ రద్దు చెయ్యాలి’ అని ఎక్కువమంది అంటే, సమ్మతి ఉండటం, సమ్మతి చెల్లడం జనం బుర్రలో విడివిడిగా ఉన్నాయి, కాంట్రాక్టు చట్టం దానికి దగ్గర. ‘అసలు ఒప్పుకోలేదు’ అంటే న్యాయ సంహిత దగ్గర. ‘ఒప్పుకుంది, అమ్మకం నిలవాలి’ అంటే కష్టమైన పేపర్ రాయాలి, కానీ అదే మంచి పేపర్. రెండో కథకూ మూడో కథకూ తేడా రాకపోతే నింగవ్వ కేసులో గీసిన గీత న్యాయవాదుల గీతే, జనానిది కాదు అనొచ్చు. అప్పుడు కూడా ఆ గీత తప్పని కాదు. జనానికి లేని తేడాలు చట్టానికి అవసరం కావచ్చు. ‘మామూలుగా అందరూ చూసే తేడానే కోర్టు చూసింది’ అని మాత్రం ఇక ఎవరూ రాయలేరు. ఈ అంచనాలన్నీ పరిశోధన ప్రణాళికలు నమోదు చేసే ఓఎస్‌ఎఫ్ వెబ్‌సైట్ లాంటి చోట తేదీతో సహా ముందే నమోదు చెయ్యండి, ఉచితమే.

కథ ఒక్కటే ఉంటే సరిపోదు. పొలం కథలో వచ్చింది పొలాల గురించేనేమో. ఆపరేషన్‌కు ముందు సంతకం, ఇల్లు అద్దెకివ్వడం, ఉద్యోగం బాండ్, ఇలా కనీసం నాలుగు కథలు ఒకే అచ్చులో రాసి ఒక్కొక్కరికి ఒక్కటి ఇవ్వండి. చెరువుల్లో ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ 2024లో వచ్చాక చెరువు పక్క ప్లాట్ల కథ ఈ నగరంలో అందరికీ అర్థమవుతుంది. కానీ ఇల్లు పోయినవాళ్లున్న కాలనీలో ఆ కథ చెప్పొద్దు, ప్రయోగం కోసం ఒకరి పుండు కెలకక్కర్లేదు. రింగ్ రోడ్డు కథకూ అంతే, చౌటుప్పల్, సంగారెడ్డి వైపు వెళితే మార్చండి.

ఎంతమంది కావాలన్నదానికి వస్తే, రెండు వందలు చాలవు. ఒక గుంపులో 50 శాతం, ఇంకో గుంపులో 60 శాతం అవునంటారనుకోండి. ఆ పది శాతం తేడాను నూటికి ఎనభైసార్లు పట్టుకోవాలంటే మామూలు ఐదు శాతం కొలతతో (లేని తేడాను ఉందనుకునే అవకాశం అంతకు మించకుండా) గుంపుకు సుమారు 390 మంది కావాలి. మూడు గుంపులంటే 1,200 దాకా. ‘లా చదివినవాళ్లలో ఈ తేడా ఎక్కువా’ అని తేడాల మధ్య తేడా చూడాలంటే, ఆ రెండో తేడా కూడా అంతే పెద్దదైనా, నాలుగు రెట్లు కావాలి. కాబట్టి పీహెచ్‌డీలో అలాంటి పోలిక ఒక్కటే పెట్టుకోండి, లేదా అసలు పెట్టుకోకండి. వయసు, చదువు, మతం, ఆడా మగా అన్నీ విడగొట్టి ఎక్కడో ఒకచోట తేడా యాదృచ్ఛికం కాదని చెప్పే నక్షత్రం గుర్తు వచ్చిందని సంబరపడే పేపర్లు ఇప్పటికే చాలానే ఉన్నాయి.

స్నేహితుల వాట్సాప్ గురించి. గుంపులుగా పంచడం లాటరీ పద్ధతిలో జరిగితే, వాళ్లలో వాళ్లకు పోలిక సరైనదే అవుతుంది. కానీ మీ స్నేహితుల్లో సగం మంది లా చదివినవాళ్లు, 90వ సెక్షన్ కంఠతా వచ్చినవాళ్లు. మామూలు జనం సమ్మతి భావన అని టైటిల్ పెట్టి వాళ్లను అడిగితే ఎలా? పైగా గూగుల్ ఫారం తనంతట తాను లాటరీ వేసి ఒక్కొక్కరికి ఒక్కో కథ ఇవ్వదు. పుట్టిన నెల అడిగి దాన్నిబట్టి పంపే చిట్కా ఉంది కానీ నాకు నచ్చదు. సర్వేల కోసమే ఉన్న కోబో టూల్‌బాక్స్ వాడండి. ఫోన్‌లో నెట్ లేకపోయినా నడుస్తుంది, తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ మూడూ ఒకే ఫారంలో పెట్టొచ్చు. లాటరీ అంకెను ఒక్కసారే లెక్కగట్టేలా సెట్ చెయ్యడం మరవొద్దు. లేకపోతే ఫారం మళ్లీ తెరిచినప్పుడు అంకె మారి, ఒక కథ విన్న మనిషి ఇంకో గుంపులో నమోదవుతాడు. ఇది డేటాలో ఎక్కడా కనిపించదు, అదే అసలు ప్రమాదం.

భాష విషయం తేలిగ్గా తీసుకోకండి. పరాయి భాషలో అడిగితే నైతిక ప్రశ్నలకు జవాబులు మారతాయని 2014లో కోస్టా బృందం చూపించింది. అందుకని చదువుకున్నవాళ్లకైనా ఇంగ్లిష్ ఒక్కటే ఇవ్వకుండా, రోజూ ఇంట్లో ఏ భాషో అడిగి అందులోనే ఇవ్వండి. పాతబస్తీలో పుస్తకాల ఉర్దూ కంటే అక్కడ మాట్లాడే దక్కనీకి దగ్గరగా రాయించండి. ఒకరు అనువదిస్తే ఇంకొకరు చూడకుండా తిరిగి అనువదించాలి, తర్వాత పదిమందికి చదివి వినిపించి కథ వాళ్ల మాటల్లో మళ్లీ చెప్పమనండి. ఎక్కడ తడబడితే అక్కడ తిరగరాయండి.

ఒకటి నుంచి ఏడు దాకా స్కేలు మీద చెప్పమంటే బస్తీలో మనిషి మర్యాదకు ‘నాలుగు రాసుకో బిడ్డా’ అంటాడు. ముందు అవునా కాదా అడిగి, తర్వాత గట్టిగా అవునా, కొంచెం అవునా అని అడగండి. ఇంకో సంగతి, గుమ్మంలో కూర్చుని ఇంటర్వ్యూ మొదలుపెట్టగానే పక్కింటివాళ్లు చేరి తలా ఒక జవాబు చెబుతారు. కథను ముందే రికార్డు చేసి ఇయర్‌ఫోన్‌లో వినిపిస్తే ఆ బాధ తగ్గుతుంది, అందరికీ ఒకే గొంతు, ఒకే ఒరవడి ఉంటాయి. కులం, ఆదాయం అవసరమైతేనే అడగండి, అదీ చివర్లో. 2024 నవంబరులో ప్రభుత్వం ఇంటింటి కులసర్వే చేశాక, ట్యాబ్ పట్టుకుని ఎవరొచ్చినా పథకం కోసమే అనుకుంటున్నారు. మొదట్లోనే కులం అడిగితే మిగతా జవాబులన్నీ ఆ లెక్కలోనే వస్తాయి.

కథ అర్థంకానివాళ్లను ఏం చెయ్యాలి? అర్థమైందో లేదో చూసే ప్రశ్న పెట్టండి, తప్పు చెబితే కథ మళ్లీ వినిపించండి, కానీ తప్పు చెప్పినవాళ్లను లెక్కలోంచి తీసెయ్యకండి. తాకట్టు కథ కొంచెం క్లిష్టం కాబట్టి అక్కడ ఎక్కువమంది తప్పు చెబుతారు. వాళ్లను తీసేస్తే ఆ గుంపులో చదువుకున్నవాళ్లే మిగులుతారు, లాటరీ వేసి ఫలితం లేకుండా పోతుంది. శ్రద్ధగా వింటున్నారో లేదో చూడాలంటే ఆ పరీక్ష కథకు ముందు పెట్టండి. ఈ విషయం మీద మోంట్‌గోమరీ, నైహన్, టోరెస్ 2018లో రాసిన పేపర్ చదివితే ఇంకెవరి దగ్గరా ఈ వాదన వినక్కర్లేదు.

‘జనం మనకు కావాల్సిన జవాబే చెబుతారు’ అని కమిటీలో ఎవరో ఒకరు అంటారు. పరిశోధకుడి ఉద్దేశం ముందే చెప్పేసినా సర్వే ప్రయోగాల ఫలితాలు పెద్దగా మారలేదని మమ్మొలో, పీటర్సన్ 2019లో చూపించారు. అది అమెరికా ఆన్‌లైన్ సర్వేల్లో. మన గుమ్మాల్లో ఎదురుగా మనిషి కూర్చుని అడిగేటప్పుడు అంత ధీమా నాకు లేదు, అందుకే ఇయర్‌ఫోన్ అంటున్నాను. ‘ఇలాంటి పరిశోధనలు మళ్లీ చేస్తే నిలవవు’ అని ఇంకొకరు అంటారు. ప్రయోగాత్మక తత్వశాస్త్రంలోని 40 పరిశోధనలను కోవా బృందం మళ్లీ చేయించింది, దాదాపు 70 శాతం నిలిచాయి. అప్పట్లో సైకాలజీకి వచ్చిన అంకె కంటే ఇది చాలా మెరుగు.

గైడ్ గారి దగ్గరికి సర్వే అన్న మాటతో వెళ్లకండి. ఒక పేజీలో మీరు పట్టుకున్న ఆ ‘ఎవరైనా ఒప్పుకునే’ వాక్యం, అది లేకపోతే ఏ వాదన ఆగిపోతుందో, మూడు కథలు, ఏ జవాబుకు ఏమంటారో రాసి ఇవ్వండి. ఎథిక్స్ కమిటీ అప్లికేషన్ అదే రోజు మొదలుపెట్టండి, దానికి పట్టే టైమ్ మీ చేతిలో ఉండదు. ముందు ఒక యాభై మందితో పైలట్ చెయ్యండి, ఆ జవాబులు అసలు లెక్కలో కలపకండి. ఉద్యోగం బాండ్ కథలో ‘అసలు చేసే పని ఏమిటి’ అన్నదాని మీద అబద్ధం ఎలా పెట్టాలో కొంచెం చిక్కు, అది రాశాక ఇక్కడ పెడితే చూస్తాను.